చిన్నపిల్లల ఆటగది: ఎంపికలో ఏం చూడాలి?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో స్కాలర్‌షిప్పుల గురించీ, కుట్టుమిషన్ల గురించీ, రంజాన్ రేషన్ కిట్ల గురించీ మాట్లాడుకుంటాం. ఆ వివరాలు ఈ సంచికలోని జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి, తీరిగ్గా చూసుకోవచ్చు. ఈసారి మాకు కేటాయించిన అరగంటనూ ఇంకా బడి గడప తొక్కని పిల్లలకే ఇస్తున్నాం. రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా ఉన్నవాళ్ళు. మన సంఘం పద్దు పుస్తకాల్లో ఇంతవరకూ వీళ్ళ పేరు మీద ఒక ఖాతా అంటూ లేదు.

షాదీఖానాలో ఈ పిల్లలకు ఒక ఆటగది ఏర్పాటు చేయాలని నిరుటి నుంచి అనుకుంటున్నాం. దాతలు ముందుకొచ్చారు, అల్‌హమ్దులిల్లాహ్. వారిలో ఒక పెద్దమనిషి మనవడితో హైదరాబాద్ మాల్‌కు వెళ్ళినప్పుడు అక్కడ రెండంతస్తుల ఆట సరంజామా చూశారు. సొరంగాలు, వలలు, మెలికలు తిరిగిన జారుడుబల్ల, కింద రంగురంగుల బంతులతో నిండిన బాల్ పూల్. అచ్చంగా అలాంటిదే మన పై అంతస్తు హాల్లో పెట్టిస్తామన్నారు. వారి మనసు పెద్దది. అయినా ఒప్పుకునే ముందు ఇలాంటివి ఎక్కడ ఎలా నడుస్తున్నాయో చూసి రావడం మంచిదనుకున్నాం. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌లలో తొమ్మిది ఆటస్థలాలు చూశాం. కార్యవర్గంలోని ఆపాలు ముగ్గురు తమ పిల్లల్ని కూడా వెంట తెచ్చారు. ఆ పిల్లలే మాకు ఎక్కువ నేర్పారు. మీరు మీ మనవళ్ళకు టిక్కెట్టు కొనేటప్పుడూ, మన గది విషయంలో ఓటు వేసేటప్పుడూ పనికొచ్చే కొలతలు ఒక్కటే కాబట్టి రెండూ కలిపే చెబుతున్నాం.

అసలు నాలుగు గోడల మధ్య ఆట ఎందుకు, ఆరుబయట ఆడుకుంటే చాలదా అని కొందరు అడిగారు. ఆరుబయటే మంచిది, సందేహం లేదు. కానీ మన పేటలో ఆరుబయలు ఎక్కడుంది? సందులో ఆటోలు, టూవీలర్లు. డాబాల మీద పిట్టగోడ మోకాలెత్తు. మిర్చి సీజన్లో సగం ఇళ్ళలో తల్లులు తొడిమలు తీస్తూ కూర్చుంటారు. ఒకే గది. గదిలో కాయల గుట్ట, ఆ ఘాటుకు దగ్గుతూ పక్కనే పిల్లవాడు. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇక పిల్లవాడికి మిగిలేది ఫోను. ఐదేళ్ళలోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఏమిటంటే, ఏడాది నిండిన పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలించాలి. మూడు, నాలుగేళ్ళ వాళ్ళయితే అందులో 60 నిమిషాలు ఊపిరి ఎగపోసేలా పరుగులు పెట్టాలి. తెర చూడటం రెండేళ్ళలోపు అసలు వద్దు, తర్వాత కూడా రోజుకు గంట మించకూడదు. మూడు గంటల కదలికకు మన ఇళ్ళలో చోటు లేదు. ఆట పిల్లల హక్కు అని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల ఒడంబడికలో 1992లో మన దేశమూ చేరింది. హక్కు కాగితం మీద ఉంది, చోటు మాత్రం మనమే చూపించాలి.

ఇక చూసినవి చెబుతాం.

ఏ ఆటస్థలానికి వెళ్ళినా టిక్కెట్టు కొనే ముందు ఐదు నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడండి. రంగులు చూడకండి, పిల్లల వయసులు చూడండి. రెండేళ్ళవాడూ తొమ్మిదేళ్ళవాడూ ఒకే జారుడుబల్ల మీద ఉన్నారంటే వెనక్కి తిరగడం మంచిది. మేము చూసిన వాటిలో సగానికి పైగా అంతే. పెద్దపిల్లల తప్పేమీ లేదు, వాళ్ళు వేగంగానే వస్తారు. కింద బొమ్మ ఏరుకుంటున్న చిన్నవాడు వాళ్ళకు కనబడడు. విజయవాడలో ఒక చోట మాత్రం మూడేళ్ళలోపు వాళ్ళకు వేరే గది, దానికి వేరే తలుపు పెట్టారు. తలుపు గడియ పిల్లల చేతికి అందనంత ఎత్తులో ఉంది. లోపల పెద్ద హంగేమీ లేదు. మెత్తని దిమ్మలు, పాకడానికి ఒక చిన్న వంతెన, గోడకు అద్దం, అంతే. మా వెంట వచ్చిన రెండున్నరేళ్ళ పాప ఆ గదిలోంచి బయటికి రానంది.

ఆ తర్వాత, తల్లి కూర్చునే చోటు చూడండి. అక్కడి నుంచి బిడ్డ కనబడుతున్నాడా? సొరంగాలు రంగుల ప్లాస్టిక్‌వి అయితే లోపల ఎవరున్నారో, ఏం జరుగుతున్నదో తెలియదు. పక్కల వలలు, అద్దాల కిటికీలు ఉంటే నయం. ఒక చోట పెద్దవాళ్ళ కుర్చీలన్నీ తినుబండారాల కౌంటరు వైపు తిప్పి వేశారు. ఆడే చోటు వాళ్ళ వీపు వైపు. యజమానికి ఏది ముఖ్యమో కుర్చీలే చెప్పాయి. ఇంకో చోట లోపలికి వెళ్ళేటప్పుడు బిడ్డ చేతికీ తల్లి చేతికీ ఒకే నంబరున్న పట్టీ కట్టారు, వచ్చేటప్పుడు రెండూ సరిచూసి పంపారు. వందలమంది వచ్చే చోట ఇది చాలా అవసరం. ఇలాంటి పట్టీలు ఖరీదైనవీ కావు.

నేల గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాం, ఎందుకంటే ఎవరూ నేల చూడరు. అందరూ పైకి చూస్తారు. పిల్లవాడు పడేది నేల మీద. చాలా చోట్ల టైల్స్ మీద పజిల్ ముక్కల్లా కలిసే ఫోమ్ మ్యాట్లు పరుస్తారు. వాటి మీద మీరే ఒకసారి మోకాళ్ళ మీద గట్టిగా కూర్చోండి. కింద టైల్ తగిలినట్టు అనిపిస్తే, ఆ మ్యాటు పడిపోయే పిల్లవాణ్ణి కాపాడేది కాదు, కంటికి మెత్తగా కనబడేది మాత్రమే. అంచులు పైకి లేచి ఉన్నాయా, ముక్కల మధ్య ఖాళీలో మట్టి చేరిందా, పిల్లలు కొరికి పీకిన చోట్లు ఉన్నాయా చూడండి. పీకిన ఫోమ్ ముక్క పిల్లవాడి గొంతులోకి పోతుంది. ఎత్తు పెరిగే కొద్దీ కింద పరుపు మందం పెరగాలి. ఇది లెక్క ప్రకారం చేసే పని. అమర్చేవాళ్ళను ఎంత ఎత్తుకు ఎంత మందం వేశారని అడిగితే తెలిసినవాళ్ళు వెంటనే చెబుతారు. తడుముకుంటే ఎవరికీ తెలియదని అర్థం. మా అభిప్రాయంలో మూడేళ్ళలోపు పిల్లలు ఎక్కే ఏ వస్తువూ రెండున్నర అడుగులు దాటకూడదు.

మేము వెంట ఒక టేపు కూడా తీసుకెళ్ళాం. ఒకచోట మేనేజరు నవ్వారు, మేస్త్రీ వచ్చాడనుకున్నారట. టేపు ఎందుకంటే, కమ్మీల మధ్యగానీ మెట్ల మధ్యగానీ వలలోగానీ ఉండే సందు మూడున్నర అంగుళాల కంటే ఎక్కువా తొమ్మిది అంగుళాల కంటే తక్కువా అయితే అది ప్రమాదం. ఇది మేము చెప్పే లెక్క కాదు. అమెరికాలో వినియోగదారుల భద్రతా కమిషన్ ఆటస్థలాల కోసం పెట్టిన కొలత. ఐరోపా ప్రమాణాల్లోనూ దాదాపు ఇదే ఉంది. చిన్నపిల్లలు కాళ్ళు ముందు పెట్టి సందులోంచి జారతారు. ఒళ్ళు సన్నంగా ఉంటుంది గనక దూరిపోతుంది, తల మాత్రం ఇరుక్కుంటుంది. కాళ్ళకు నేల అందక వేలాడుతూ ఉండిపోతే బరువంతా మెడ మీద పడుతుంది. అందుకే సందు తల దూరనంత సన్నగానైనా ఉండాలి, తల బయటికొచ్చేంత వెడల్పుగానైనా ఉండాలి. మధ్యరకం పనికిరాదు. చిరిగిన వల కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మన మస్జిద్ మెట్ల రెయిలింగూ, మీ ఇంటి బాల్కనీ గ్రిల్లూ కూడా వస్తాయి. ఇంటికెళ్ళాక టేపు పెట్టి చూసుకోండి.

జారుడుబల్ల దగ్గర మరో మాట. బిడ్డ ఒంటరిగా భయపడతాడని ప్రేమకొద్దీ తల్లులూ తండ్రులూ ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారుతుంటారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ బిడ్డ బూటు పక్క అంచుకు తగిలి ఆగితే పెద్ద మనిషి బరువు, వేగం కలిసి ఆ చిన్న కాలిని మెలితిప్పేస్తాయి. మోకాలి కింది ఎముక విరుగుతుంది. అదే బిడ్డ ఒంటరిగా జారితే కాలు తట్టుకున్నా ఆగిపోతాడు, అంత బలం పడదు. కాబట్టి తాను ఎక్కలేని బల్ల మీద పిల్లవాణ్ణి మనం ఎక్కించకూడదు. ఎక్కగలిగిన నాడు తానే జారతాడు.

బట్టల సంగతి మన ఇళ్ళకు ప్రత్యేకం. పిల్లల మెడలో తావీజు దారం, నల్లదారం, గొలుసు, ఆడపిల్లల దుపట్టా, టోపీ చొక్కాల తాళ్ళు ఇవన్నీ బల్ల పైభాగంలోనో వలలోనో చిక్కుకుంటాయి. మెడ చుట్టూ ఉన్న దారం చిక్కుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఆడేంతసేపూ తీసి తల్లి దగ్గర ఉంచాలి. ఈ మాట చెబితే మన దాదీలు కొందరు నొచ్చుకుంటారని తెలుసు. ఆడటం అయ్యాక మళ్ళీ కడతామని నచ్చజెప్పవచ్చు. తల్లుల బురఖా పిన్నులు మ్యాట్ల మీద రాలిపోతాయి, అవి కూడా చూసుకోవాలి.

ట్రాంపోలిన్ మీద ఒక్క మాటే చెబుతాం. ఆరేళ్ళలోపు వాళ్ళకు వద్దు. ఒకేసారి నలుగురు ఎగురుతున్న చోట ఏ వయసు వాళ్ళకూ వద్దు. ఎక్కువమంది ఎగిరినప్పుడు తేలికైనవాడు ఎటు విసిరేయబడతాడో తెలియదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చాలా ఏళ్ళుగా ఇదే చెబుతోంది.

ఇప్పుడు బాల్ పూల్. పిల్లలకు ఇది ఎంత ఇష్టమో మేము కళ్ళారా చూశాం, కాబట్టి కఠినంగా మాట్లాడటం కష్టమే. అయినా చెప్పాలి. ఆ బంతుల కింద ఏముందో ఎవరికీ కనబడదు. ఒక చోట మా అబ్బాయి ఒకడు లోపలికి చెయ్యి పెట్టి బిస్కెట్ ముక్క, హెయిర్ క్లిప్పు, ఒక సాక్సు తీశాడు. వేలకొద్దీ బంతులు. ఎన్నాళ్ళకొకసారి కడుగుతారని అడిగితే ఐదు చోట్ల ఐదు జవాబులు వచ్చాయి. ఎలా కడుగుతారని అడిగితే రెండు చోట్ల మాత్రమే వివరంగా చెప్పగలిగారు. 2019లో అమెరికాలోని ఫిజియోథెరపీ క్లినిక్‌లలో పిల్లల కోసం పెట్టిన బాల్ పూల్‌లను పరీక్షించి, వాటిలో రోగాలు కలిగించగల బాక్టీరియా ఉందని ప్రచురించారు. వైద్యం చేసే చోటే అలా ఉంటే మిగతా చోట్ల సంగతి చెప్పనక్కర్లేదు. చిన్నపిల్లలు బంతిని ముందు నోట్లో పెట్టుకుంటారు. ఆపైన అందులో చిన్నవాడు కూరుకుపోయి కూర్చుంటే పై నుంచి దూకేవాడికి కనబడడు. కాబట్టి మీరు వెళ్ళే చోట బాల్ పూల్ ఉంటే వాసన చూడండి, అడుగు కనబడేలా ఒక పక్కకు తోసి చూడండి. ఎవరు, ఎప్పుడు కడిగారో రాసిన కాగితం గోడ మీద ఉందేమో చూడండి. మన గదిలో మాత్రం ఇది వద్దని మా సలహా. వారం వారం అన్ని బంతులూ కడిగి ఆరబెట్టే మనిషిని మనం పెట్టలేం.

చేతులు కడగడం గురించి: చాలా చోట్ల గుమ్మంలో శానిటైజర్ సీసా పెట్టి సరిపెట్టారు. చేతులు, కాళ్ళు, నోటి చుట్టూ పొక్కులు వచ్చే జబ్బు పిల్లల్లో వర్షాకాలంలో తరచూ చూస్తున్నాం కదా. అలాంటి వైరస్‌ల మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. సబ్బు, పారే నీరు కావాలి. ఆ కుళాయి పిల్లల ఎత్తులో ఉండాలి. ఈ ఒక్క విషయంలో మన షాదీఖానా ఆ మాల్స్ అన్నింటికంటే మెరుగు. కింది అంతస్తులో వజూఖానా ఉంది. కుళాయిలు ఎంత కిందకున్నాయో చూశారుగా! మూడేళ్ళ పిల్లవాడు ఎవరి సాయం లేకుండా చేతులూ కాళ్ళూ కడుక్కోగలడు. నేల తడి కాకుండా చూసుకుంటే చాలు, అక్కడ జారుతుంది.

శబ్దం సంగతి చాలామంది పట్టించుకోరు. కొన్ని చోట్ల పాటలు ఎంత గట్టిగా పెట్టారంటే ఏడ్చే బిడ్డ ఏడుపు పక్కనున్న ఆయాకే వినబడలేదు. చెవులు మూసుకుని గోడ వైపు తిరిగి నిలబడిన పిల్లల్ని చూశాం. పాట ఆపమని అడగండి. ఆపనంటే అక్కడి నుంచి వచ్చేయండి. మాట ఆలస్యమైన పిల్లలు, ఎక్కువ శబ్దం తట్టుకోలేని పిల్లలు మన పేటలోనూ ఉన్నారు. వాళ్ళు కాసేపు ఒంటరిగా కూర్చోవడానికి ఒక మూల కావాలి.

ఇక అన్నింటికంటే పెద్ద విషయం. 2024 మే 25న గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్ తగలబడింది. వేసవి సెలవులు, శనివారం, లోపల పిల్లలతో వచ్చిన కుటుంబాలు. 27 మంది చనిపోయారు, వారిలో పిల్లలున్నారు. అక్కడ వెల్డింగ్ పని జరుగుతోందని, ఇంధనం నిల్వ ఉంచారని, అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ లేదని తర్వాత బయటపడింది. ఫోమ్, రెక్సిన్, ప్లాస్టిక్ అంటుకుంటే మంట కంటే ముందు పొగ చంపుతుంది. ఆ పొగలో సొరంగంలో ఉన్న నాలుగేళ్ళవాడికి దారి తెలియదు, పెద్దవాడు ఆ సొరంగంలో దూరలేడు.

అందుకే ఎక్కడికి వెళ్ళినా బయటికి వెళ్ళే రెండో దారి ఏదని ముందు అడగండి. అడిగి ఊరుకోకుండా ఆ తలుపు తెరిచి చూడండి. తొమ్మిదింటిలో మూడు చోట్ల రెండో తలుపు ముందు కుర్చీలో, అట్టపెట్టెలో పేర్చి ఉన్నాయి. ఒక చోట తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్ళాడు. మంటలార్పే సిలిండర్ మీద తేదీ చూడండి. ఎన్‌వోసీ చూపించమని అడగండి. ఫీజు కట్టేవాళ్ళం, అడిగే హక్కు మనకుంది. పక్కనే గ్యాస్ సిలిండర్‌తో వంట జరుగుతోందా, జనరేటరు ఎక్కడుంది అన్నవి కూడా చూడాలి.

ఇప్పుడు మన షాదీఖానా వైపు చూడండి. పై అంతస్తు హాలుకు ఉన్నది ఒక్కటే మెట్ల దారి. ఆ మెట్ల కిందే వంటశాల. వలీమా రోజున అక్కడ ఎన్ని దేగ్‌లు పొయ్యి మీద ఉంటాయో, ఎన్ని గ్యాస్ సిలిండర్లు వరసగా ఉంటాయో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ మెట్ల పైన ఫోమ్‌తో చేసిన రెండంతస్తుల సామాను పెట్టి, దాని నిండా పిల్లల్ని ఉంచడానికి కార్యవర్గం ఒప్పుకోలేదు. ఇది దాతగారి మీద అగౌరవంతో అన్నది కాదు. వారితో ముందే కూర్చుని మాట్లాడాం. వారే మాతో వచ్చి మెట్లు చూశారు. చాలాసేపు నిలబడి, "బేటా, మీరు చెప్పింది నిజమే" అన్నారు.

మా ప్రతిపాదన కింది గది. ప్రస్తుతం అందులో విరిగిన కుర్చీలు, పాత షామియానాలు ఉన్నాయి. 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. రెండు తలుపులు, ఒకటి వజూఖానా వైపు, ఒకటి నేరుగా వీధిలోకి. మూడు కిటికీలున్నాయి, గాలి ఆడుతుంది. వంటశాలకు ఆ చివర ఉంది.

అందులో ఏం పెడతాం? తక్కువే. గోడల వెంట మెత్తని దిమ్మలు, రెండడుగుల ఎత్తుకు మించని ఒక జారుడుబల్ల, పాకడానికి రెండు వంతెనలు, మధ్యలో పరుగెత్తడానికి ఖాళీ. ఆ ఖాళీ చాలా ముఖ్యం. చాలా చోట్ల సామాను ఎక్కువై పరుగెత్తడానికి పది అడుగులు కూడా లేవు. ఒక మూల ఇసుక తొట్టి, గోడకు నల్లబల్ల, సుద్దముక్కలు, పెద్ద అట్టపెట్టెలు, వంటింటి గిన్నెలు. నవ్వకండి. మేము చూసిన అన్ని చోట్లా పిల్లలు ఎక్కువసేపు ఆగింది ఖాళీ అట్టపెట్టె దగ్గరే, అది ఏసీ వచ్చిన పెట్టె.

కొన్న బొమ్మల విషయంలో 2021 జనవరి నుంచి మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన చేతివృత్తుల వారి బొమ్మలకు మినహాయింపు ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కర్రతో, సహజమైన రంగులతో చేస్తారు. పెద్ద గుండ్లు, బండ్లు తెప్పిస్తాం. చిన్న చిన్న పూసలున్నవి వద్దు. మూడేళ్ళలోపు వాళ్ళకు అంగుళంపావు గొట్టంలో పట్టే ఏ వస్తువూ ఇవ్వకూడదన్నది పాత లెక్క. కొండపల్లి బొమ్మలు అందంగా ఉంటాయి గానీ పొనికి కర్ర మెత్తన, రెండు రోజుల్లో విరిచేస్తారు. అవి షోకేసులోనే బాగుంటాయి. గోడల రంగులో సీసం 90 పీపీఎం మించకూడదని 2017 నవంబరు నుంచి నిబంధన అమల్లో ఉంది, డబ్బా మీద ఆ మాట రాసి ఉన్నదే కొంటాం.

ఇక మనుషులు. తొమ్మిది చోట్లలో మాకు బాగా నచ్చింది గుంటూరులోని ఒక చిన్న ఆటగది. సామాను పాతదే, రంగు వెలిసిపోయింది. కానీ అక్కడి ఆయా ఫోను పక్కన పెట్టి మధ్యలో పీట వేసుకుని కూర్చుంది. ప్రతి పిల్లవాడి పేరూ ఆమెకు తెలుసు. ఒకడు ఇంకొకణ్ణి తోస్తే అరవలేదు, లేచి వెళ్ళి ఇద్దరి మధ్యా కూర్చుంది. నాలుగేళ్ళుగా అక్కడే పనిచేస్తోందట. మిగతా చాలా చోట్ల యూనిఫాంలో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు ఉన్నారు, పాపం వాళ్ళూ చిన్నవాళ్ళే. నెలకొకరు మారిపోతుంటారు. ఐదారుగురు చిన్నపిల్లలకు ఒక పెద్ద మనిషి కన్ను ఉండాలన్నది మా అంచనా. అంటే ఇద్దరు ఆయాలు ఉంటే ఒకేసారి పన్నెండుమంది పిల్లలు. మిగతావాళ్ళు తర్వాతి బ్యాచ్. ఉదయం రెండు, సాయంత్రం అసర్ తర్వాత ఒకటి. మిర్చి సీజన్లో పనికి వెళ్ళే తల్లులకు ఉదయం బ్యాచ్ ముందు.

అందువల్ల వచ్చిన విరాళాలను ఇలా వాడాలని కార్యవర్గం తీర్మానించింది. ఎక్కువ భాగం ఇద్దరు ఆయాల మూడేళ్ళ జీతానికి బ్యాంకులో పక్కన పెట్టాలి. వాళ్ళు మన పేట ఆడవాళ్ళే అయితే మంచిది, ప్రథమ చికిత్స శిక్షణ ఇప్పిస్తాం. ఆ తర్వాతి భాగం నేలకూ, కిటికీల జాలీలకూ, తలుపులకూ. మిగిలింది ఆట సామానుకు. ఈ వరస తలకిందులుగా ఉందని మొదటి సమావేశంలోనే కొందరన్నారు. దాతల ఇబ్బంది మాకు అర్థమవుతుంది. తండ్రిగారి పేరు మీద ఈసాలె సవాబ్ కోసం ఇచ్చేవారు జారుడుబల్ల ఇస్తామంటారు, దాని మీద పేరు రాయించవచ్చు. ఆయా జీతం మీద పేరెక్కడ రాస్తారు? ఫినాయిల్ డబ్బా మీదా రాయలేం. గది గుమ్మం పక్కన ఒకే పలక పెట్టి అందరి పేర్లూ వరసగా, మొత్తాలు లేకుండా రాయాలని అనుకుంటున్నాం. పేరు వద్దనేవారు ముందే చెప్పండి.

ఇంకొక వివరణ. ఇది జకాత్ సొమ్ముతో చేసే పని కాదు. జకాత్ ఎవరికి చేరాలో ఎనిమిది వర్గాలు చెప్పి ఉన్నాయి. మన సంఘంలో ఆ ఖాతా విడిగానే ఉంటుంది, అందులోంచి ఈ గదికి ఒక్క రూపాయి కూడా రాదు. సదఖా, లిల్లాహ్ రూపంలో ఇచ్చేవి మాత్రమే తీసుకుంటాం. రసీదు మీద ఆ మాట రాయించుకోండి.

ఈలోగా, గది సిద్ధమయ్యే వరకు నెలకొకసారి ఇరవైమంది పిల్లల్ని తల్లులతో సహా బయటి ఆటస్థలానికి తీసుకెళ్దామన్న సూచన కూడా వచ్చింది. విజయవాడలో వేరే గది ఉన్నదని చెప్పాం కదా, ఆ చోటికి. పనిదినాల్లో ఉదయం రద్దీ తక్కువ, పెద్దపిల్లలు బడిలో ఉంటారు. బస్సు ఇచ్చేవారు ఉంటే కార్యదర్శిగారిని కలవండి.

కింది గది చూడాలనుకునేవారు వచ్చే ఆదివారం జొహర్ తర్వాత రండి. పాత కుర్చీలు ఆ లోపు బయట పెట్టిస్తాం. మోకాళ్ళ నొప్పులు లేనివారు నేల మీద కూర్చుని చూడండి, మూడేళ్ళ వాడి ఎత్తు నుంచి గది వేరేగా కనబడుతుంది. తీర్మానం మీద ఓటింగు ఆ సాయంత్రం మగ్రిబ్ తర్వాత. పై అంతస్తా, కింది గదా అన్నది సభ్యులే తేల్చాలి. ఆపాలు కూడా తప్పక రావాలి. పిల్లల్ని ఇంట్లో వదలి రానక్కర్లేదు, వెంట తీసుకురండి.

వస్సలామ్.